ఒక పిల్లకు ఒకే రికార్డు: స్కూల్ డేటాబేస్ ప్రాజెక్టు డైరీ

జూన్, బడులు తెరిచిన వారం

ముషీరాబాద్ వైపు ఒక ట్రస్టు బడి. నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉంది. పిల్లల వివరాలు ఏడాదికో ఎక్సెల్ ఫైల్లో ఉన్నాయి. అంతకు ముందువి అట్టలు ఊడిపోయిన అడ్మిషన్ రిజిస్టర్లలో. అన్నీ ఒక డేటాబేస్‌లోకి తేవాలన్నది పని. హెచ్‌ఎం సార్ అడిగింది ఒక్కటే: “పేరు కొడితే బోనఫైడ్ ప్రింటు రావాలి.”

వినడానికి చిన్న కోరికే. బోనఫైడ్ అంటే ఏ ఏడాది ఏ తరగతి ఇక్కడ చదివారో బడి రాసిచ్చే ధ్రువపత్రం. ఉద్యోగాల నోటిఫికేషన్ పడిందంటే చాలు, పాత విద్యార్థులు ఆఫీసు ముందు క్యూ కడతారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాక తెలంగాణలో ఉద్యోగాలకు స్థానికత తేల్చడానికి ఒకటి నుంచి ఏడో తరగతి దాకా ఎక్కడ చదివారో చూస్తున్నారు. అంతకు ముందు నాలుగు నుంచి పది దాకా బోనఫైడ్లు అడిగేవారు. అంటే ఇప్పుడు పెళ్ళయి పిల్లలున్న మనిషి వచ్చి, తన రెండో తరగతి కాగితం కావాలంటాడు. రెండో తరగతి ఫైల్లో ఉన్న పేరు, ఏడో తరగతి ఫైల్లో ఉన్న పేరు ఒకే మనిషివి అని కంప్యూటర్‌కు తెలిస్తేనే ఆ కాగితం వస్తుంది. ఎక్సెల్ ఫైళ్ళకు ఆ సంగతి తెలియదు. ఏటా కొత్త ఫైలు, ఏటా కొత్త వరస.

ఇంతకు ముందు ఎవరో చేసి వదిలేసిన సాఫ్ట్‌వేర్ ఒకటి ఆఫీసు కంప్యూటర్‌లో ఇంకా ఉంది. తెరిచి చూశాను. ‘స్టూడెంట్స్’ అని ఒకే టేబుల్. అందులోనే తరగతి, సెక్షన్, రోల్ నంబర్, ఫీజు బాకీ, తండ్రి ఫోను. ఏడాది మారగానే తరగతి గడిలో 5 చెరిపి 6 రాస్తుంది. ఐదో తరగతి చదివిన జాడే ఉండదు. ఇలాంటి డిజైన్‌తో బోనఫైడ్ ఎప్పటికీ రాదు.

కాబట్టి మొదటి నిర్ణయం: ‘వ్యక్తి’ టేబుల్‌లో దాదాపు ఏమీ ఉండకూడదు. మనం ఇచ్చే నంబరు, పుట్టిన తేదీ, ఆ తేదీకి ఆధారమేంటి, అంతే. తరగతి, సెక్షన్, మీడియం, రోల్ నంబర్ ఇవన్నీ ‘నమోదు’ అనే వేరే టేబుల్‌లోకి, ఏ విద్యా సంవత్సరానిదో రాసుకుని. పేర్లు ఇంకో టేబుల్‌లోకి. తల్లిదండ్రులు కూడా ‘వ్యక్తి’ టేబుల్లోనే ఉంటారు. ఎందుకంటే ఇక్కడే చదివి, ఇక్కడే టీచరుగా చేరి, కొడుకును ఇక్కడే మూడో తరగతిలో వేసిన ఆవిడ ఒకరున్నారు. పాత ఫైళ్ళలో ఆవిడ మూడు వేర్వేరు మనుషులు, మూడు వేర్వేరు ఫోన్ నంబర్లు. కొత్త పద్ధతిలో మనిషి ఒకరే, పాత్రలు మూడు.

జూన్ చివర

ఆధార్ నంబర్నే ప్రైమరీ కీగా, అంటే ప్రతి రికార్డునూ గుర్తుపట్టే నంబరుగా, పెట్టేయొచ్చు కదా అని ట్రస్టు తరఫు పెద్దాయన అడిగారు. వద్దన్నాను. పిల్లలందరికీ ఆధార్ ఉండదు, పాత విద్యార్థులకైతే బడిలో చేరేనాటికి ఆధారే లేదు. 2018 సెప్టెంబర్ 26 తీర్పులో బడిలో చేర్చుకోవడానికి ఆధార్ తప్పనిసరి కాదని సుప్రీంకోర్టు చెప్పేసింది కూడా. ఉన్నవాళ్ళది ఒక వివరంగా ఉంచుకుందాం, గుర్తింపు మాత్రం మన నంబరే అని చెబితే ఒప్పుకున్నారు. బడుల వివరాల కేంద్ర పోర్టల్ యూడైస్ ప్లస్ ఒక్కో విద్యార్థికి ఇచ్చే పెన్ నంబరు, దేశమంతటికీ ఒకటే అయిన విద్యార్థి గుర్తింపు అపార్ నంబరు కూడా అంతే. వాటికి ఒక టేబుల్, ఎన్ని ఉంటే అన్ని వరుసలు.

ఆధార్‌లో ఒక సుగుణం ఉంది. పన్నెండో అంకె వెర్హాఫ్ పద్ధతిలో లెక్కకట్టిన తనిఖీ అంకె. ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారైనా అది పట్టేస్తుంది. పాత ఫైళ్ళ మీద ఈ లెక్క నడిపితే తేలని నంబర్లు గుట్టలుగా బయటపడ్డాయి. కొన్నయితే అసలు నంబర్లే కావు. ఎక్సెల్ పన్నెండు అంకెలను 2.34568ఇ+11 అని కుదించి చూపిస్తుంది. ఫైలును సీఎస్‌వీగా, అంటే కామాలతో విడదీసిన ఉత్త టెక్స్ట్‌గా, సేవ్ చేసేటప్పుడు ఆ కుదించిందే సేవ్ అయిపోయింది. మిగతా అంకెలు ఇక రావు, మళ్ళీ పిల్లలనే అడగాలి.

జూలై మొదట్లో

ఇవాళ చూసింది మాత్రం హైదరాబాద్‌లో తప్ప ఇంకెక్కడైనా ఇంత పుష్కలంగా దొరుకుతుందా అని అనుమానం. అడ్రస్ కాలమ్ నిండా తేదీలు! ఒక పిల్లాడి ఇంటి అడ్రస్ 03-04-2012. పుట్టిన తేదీ పొరపాటున ఈ గడిలో పడిందేమో అనుకుంటే, పక్క గడిలో పుట్టిన తేదీ వేరేగా ఉంది.

పేపర్ ఫారం తీయించి చూస్తే ఇంటి నంబరు 3-4-12. మన ఊళ్ళో ఇంటి నంబర్లు వార్డు, బ్లాకు, ఇల్లు అని మధ్యలో గీతలతో ఉంటాయి కదా, ఎక్సెల్ దాన్ని 2012 ఏప్రిల్ 3 అనుకుంది. 3-4-45 ఉన్నవాళ్ళు 1945లోకి వెళ్ళిపోయారు, ఎందుకంటే రెండంకెల సంవత్సరం 30 గానీ, అంతకు మించి గానీ అయితే ఎక్సెల్ దాన్ని పోయిన శతాబ్దంలోకి నెడుతుంది. 12-11-350 లాంటివి మాత్రం బతికిపోయాయి, 350వ సంవత్సరం దాని క్యాలెండర్లో లేదు కాబట్టి. పెద్ద నంబర్ల ఇళ్ళవాళ్ళ అడ్రస్‌లు క్షేమం, చిన్న నంబర్ల ఇళ్ళవాళ్ళకే ఈ గతి.

వెనక్కి తిప్పే స్క్రిప్టు రాశాను. రోజు, నెల, సంవత్సరంలో చివరి రెండంకెలు తీసుకుని గీతలతో కలిపితే చాలావరకు ఇంటి నంబరు తిరిగొస్తుంది. అలా తెచ్చిన ప్రతి అడ్రస్ పక్కన ‘ఊహించినది’ అన్న గుర్తు ఉంచాను. క్లర్కు మేడమ్ చూసి సరే అంటేనే ఆ గుర్తు పోతుంది. ఇకమీదట ఏ ఫైలు తెచ్చుకున్నా ప్రతి కాలమ్‌నూ టెక్స్ట్‌గానే చదవాలి, తేదీ అవునో కాదో తర్వాత మనమే తేల్చుకోవాలి.

లష్కర్ బోనాల వారం

పేర్ల పని మొదలైంది. అసలు తలనొప్పంతా ఇక్కడే.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఫస్ట్ నేమ్, మిడిల్ నేమ్, లాస్ట్ నేమ్ అని మూడు గడులున్నాయి, లాస్ట్ నేమ్ తప్పనిసరి. మనకేమో ఇంటిపేరు ముందొస్తుంది, అదీ చాలామందికి ఒక పొడి అక్షరమే. ఈ బస్తీలో పిల్లల్లో మహమ్మద్, సయ్యద్, షేక్ ముందుండే పేర్లు బోలెడు, వాటిలో ఇంటిపేరంటూ ఏదీ ఉండదు. కొందరు ఆడపిల్లలకు ఒక్క మాట పేరే. లాస్ట్ నేమ్ నింపకపోతే సేవ్ అవ్వనంటుంది కనుక, ఆఫీసులో ఎవరికి తోచింది వాళ్ళు పెట్టారు. కొందరు తండ్రి పేరు రాశారు, కొందరు ఒక చుక్క పెట్టి వదిలేశారు. చుక్క ఇంటిపేరుగా ఉన్న పిల్లలు ఈ బడిలో చాలామందే ఉన్నారు.

మూడు గడులూ తీసేశాను. పూర్తి పేరు ఎలా రాస్తే అలా, ఒకే గడి. దాంతోపాటు ఆ పేరు ఎక్కడిది అన్నది తప్పనిసరి: అడ్మిషన్ రిజిస్టర్, జనన ధ్రువీకరణ పత్రం, ఆధార్, పదో తరగతి మెమో. ఒకే పిల్లకు నాలుగు చోట్ల నాలుగు రకాలుగా ఉంటే నాలుగు వరుసలు. ఏదీ ఇంకోదాన్ని తుడిచెయ్యదు. అపార్ నంబరు రావాలంటే బడి రికార్డులో పేరు ఆధార్‌లో ఉన్న పేరుతో కలవాలి. కలవకపోతే దేన్ని మార్చాలో తల్లిదండ్రులు తేల్చుకోవాలి. ఆ పంచాయితీ తెగేదాకా రెండు పేర్లూ పక్కపక్కన కనిపిస్తుండాలి.

తెలుగులో టైప్ చేసిన పేర్లకు వేరే గొడవ. ‘శైలజ’ అని వెతికితే కొందరు శైలజలు దొరకడం లేదు. కారణం ఐత్వం. యూనికోడ్‌లో దాన్ని ఒకే గుర్తుగా రాయొచ్చు, లేదా ఎత్వం, దాని కింద ఇంకో ముక్క కలిపి రెండు గుర్తులుగా రాయొచ్చు. కంటికి రెండూ ఒకటే, కంప్యూటర్‌కు వేర్వేరు. ఎన్‌ఎఫ్‌సీ అనే యూనికోడ్ సర్దుబాటు పద్ధతిలో సరిచేస్తే రెండూ ఒకటవుతాయి. ‘రాజ్‌కుమార్’లో జకారం, కకారం కలిసిపోకుండా ఆపే కనిపించని గుర్తు కొందరి పేర్లలో ఉంది, కొందరి పేర్లలో లేదు. దాన్ని ఎన్‌ఎఫ్‌సీ ముట్టుకోదు. అందుకే వెతకడానికి వాడే నకలులోంచి ఆ గుర్తు తీసేస్తున్నాను. అసలు పేరు ఎలా ఉందో అలాగే ఉంటుంది.

జూలై చివర

ఇక డూప్లికేట్లు. ఒకే పిల్లకు రెండు మూడు రికార్డులున్నచోట వాటిని జంటలుగా పట్టుకోవాలి. ఇంగ్లిష్‌లో టైప్ చేసిన పేర్లు చాలా ఎక్కువ కాబట్టి ముందు వాటి మీద పడ్డాను. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో పీజీ ట్రైగ్రామ్ అని ఒకటుంది. పేరును మూడేసి అక్షరాల ముక్కలు చేసి, రెండు పేర్లలో ఎన్ని ముక్కలు కలిశాయో చూసి సున్నా నుంచి ఒకటి మధ్య మార్కు వేస్తుంది. మామూలుగా 0.3 దాటితే దగ్గర పేర్లని లెక్క.

మన పేర్ల మీద పరీక్షిస్తే తమాషాగా ఉంది. లక్ష్మిని ఎక్స్‌తో రాసినదానికీ, కె-ఎస్-హెచ్‌తో రాసినదానికీ 0.27. అంటే వేర్వేరు మనుషులట! హర్షిత, వర్షితలకేమో 0.54. అంటే ఒకరే కావచ్చట. ఒకే పేరును విడదీసి, రెండు పేర్లను కలిపింది.

సౌండెక్స్ చూద్దాం అనుకున్నా. 1918లో అమెరికాలో పేటెంట్ తీసుకున్న పద్ధతి, అక్కడి ఇంటిపేర్లను ఉచ్చారణను బట్టి పోల్చడం కోసం చేసింది. మొదటి అక్షరం ఉంచి, మిగతా హల్లులకు అంకెలు వేస్తుంది. లక్ష్మి ఎలా రాసినా ఎల్250 వచ్చింది, శభాష్. హర్షిత హెచ్623, వర్షిత వి623, విడిపోయాయి, అదీ బాగానే ఉంది. కానీ వెంకటమ్మ వి523 అయితే, మన ఊళ్ళవాళ్ళు నోటితో పిలిచినట్టే ఎంకటమ్మ అని రాయించినావిడ ఇ523. మొదటి అక్షరం మారితే ఇది చేతులెత్తేస్తుంది. మహమ్మద్‌ను పూర్తిగా రాస్తే ఎం530, కుదించి రాస్తే ఎం300.

చివరికి ఏ ఒక్కదాన్నీ నమ్మకుండా సొంతంగా చిన్న మార్పిడి పట్టీ రాసుకున్నాను. ఎక్స్ కనిపిస్తే కె-ఎస్-హెచ్, టి-హెచ్ ఉంటే టి, డబుల్ అక్షరాలుంటే ఒకటి, మహమ్మద్ కుదింపులన్నీ పూర్తి పేరు. ఆ తర్వాతే ట్రైగ్రామ్. పేరు మార్కుకు తోడు పుట్టిన తేదీ, తల్లి పేరు, ఏ తరగతి తర్వాత ఏ తరగతి వచ్చింది అన్నవి కలిపి ఒక మార్కు. తండ్రి పేరు కంటే తల్లి పేరు ఎక్కువ పనికొస్తోంది, తండ్రి పేరు చాలాచోట్ల పొడి అక్షరాల్లోనే ఆగిపోయింది మరి.

పుట్టిన తేదీ కూడా అనుకున్నంత గట్టి ఆధారం కాదు. పాత రిజిస్టర్లలో జూన్ మొదటి వారంలో పుట్టినవాళ్ళే ఎక్కువ. కాగితం లేకుండా వచ్చిన పిల్లకు బడి తెరిచేనాటికి ఐదేళ్ళు నిండేలా తేదీ వేసేవారు. అందుకే ఆ తేదీలకు మార్కు తగ్గించాను. ముందు ముందు ఈ బాధ తగ్గొచ్చు. 2023 అక్టోబర్ 1 నుంచి అమలైన జనన మరణాల నమోదు సవరణ చట్టం ప్రకారం, ఆ రోజు నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరేటప్పుడు జనన ధ్రువీకరణ పత్రమే తేదీకి ఆధారం.

ఆగస్టు

మార్కు ఎక్కువ వచ్చిన జంటలను కంప్యూటరే కలిపేస్తే సరిపోతుంది కదా అని మళ్ళీ ట్రస్టు పెద్దాయనే. జాబితా పైనే ఉన్న జంటను క్లర్కు మేడమ్‌కు చూపించాను. పుట్టిన తేదీ ఒకటే, తల్లి ఒకటే, తండ్రి ఒకటే, ఇల్లు ఒకటే, తరగతి ఒకటే, పేర్లు ఒక్క అక్షరం తేడా. మార్కు దాదాపు పూర్తిగా వచ్చింది.

మేడమ్ స్క్రీన్ వైపు ఒకసారి చూసి, “గిద్దరు కవల పిల్లలు సార్. ఒక్కర్ని జేస్తే వాళ్ళమ్మ ఊకుంటదా?” అన్నారు. పెద్దాయన ఇంకేం మాట్లాడలేదు.

మనవాళ్ళు కవలలకు ప్రాస కలిపి పేర్లు పెట్టే అలవాటు మానరు కాబట్టి, ఒక నియమం రాశాను. ఒకే విద్యా సంవత్సరంలో ఒకే తరగతిలో వేర్వేరు రోల్ నంబర్లతో ఉన్న ఇద్దరిని ఎంత మార్కు వచ్చినా కలపమని సూచించకూడదు. ఆ జంటకు ‘వీరు వేర్వేరు’ అని ఒక వరుస రాసి పెడుతుంది, మళ్ళీ ఎప్పుడూ అడగదు. కలపడానికి ఎంత శ్రద్ధ పెట్టామో, కలపకూడదన్న నిర్ణయాన్ని గుర్తుంచుకోవడానికీ అంతే పెట్టాలి. లేకపోతే మేడమ్ అదే జంటకు ఏటా కాదు కాదు అంటూనే ఉండాలి.

కలపడం కంప్యూటర్ చెయ్యదు. జంటలను వరసలో పెట్టి చూపిస్తుంది, మేడమ్ బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఒక్కొక్కటీ చూస్తారు. ఆవిడకు తెలిసినంతగా ఈ పిల్లలు ఏ ఆల్గారిథమ్‌కూ తెలియరు.

కలిపినా రెండో రికార్డు పోదు. దాని నంబరు పక్కన ‘ఇప్పుడు ఫలానా నంబరు చూడు’ అని ఉంటుంది. ఆ పాత నంబరుతో టీసీ అచ్చయి ఎవరి బీరువాలోనో ఉంటుంది కాబట్టి, అది కొట్టినా మనిషి దొరకాలి. ఏ నమోదు ఏ రికార్డు నుంచి వచ్చిందో రాసుంటుంది గనుక, అవసరమైతే ఒక బటన్‌తో మళ్ళీ విడదీయొచ్చు. ఈ విడదీసే భాగానికే ఎక్కువ కోడ్ పట్టింది. కలిపాక చేరిన ఫీజు రసీదు ఎవరిది? కంప్యూటర్ తేల్చలేదు, విడదీసేటప్పుడు మనిషినే అడుగుతుంది.

వినాయక చవితి ముందు

దిద్దుబాట్ల సంగతి. ‘ఎడిట్’ బటన్ ఎలా ఉండాలని మేడమ్‌ను అడిగితే పాత రిజిస్టర్ తీసి చూపించారు. తప్పు పడిన పేరు మీద ఎర్ర సిరాతో ఒక్క గీత, కింద పేరు చదవడానికి వీలుగానే ఉంది. పైన సరైన పేరు, పక్కన హెచ్‌ఎం పొట్టి సంతకం, తేదీ. వైట్నర్ వాడితే ఆడిట్‌లో అడుగుతారట. ఇంతకంటే మంచి డిజైన్ డాక్యుమెంట్ నాకెవరూ ఇవ్వలేదు. అలాగే చేశాను. పాత విలువ ఉంటుంది, ఎవరు, ఎప్పుడు, ఏ కాగితం చూసి మార్చారో ఉంటుంది. పేరు, పుట్టిన తేదీ మార్పులు హెచ్‌ఎం సార్ లాగిన్ నుంచి ఒప్పుకుంటేనే అమల్లోకి వస్తాయి.

కులం, మతం గడుల్లో ఖాళీకి మూడు అర్థాలున్నాయని తేలింది. అడగలేదు, అడిగితే చెప్పలేదు, లేదని చెప్పారు. మూడూ వేర్వేరుగా రాసుకోవాల్సిందే. జనన ధ్రువీకరణ పత్రంలో మతం లేదు, కులం లేదు అని నమోదు చేసుకునే వీలుండాలని 2023లో తెలంగాణ హైకోర్టు చెప్పింది. అలాంటి తల్లిదండ్రుల జవాబును ‘వివరాలు రాలేదు’ జాబితాలో వేసి ఏటా ఫోన్ చేసి విసిగించడం పద్ధతి కాదు.

ఫోన్ నంబర్లు వ్యక్తికి కాకుండా సంబంధానికి, అంటే ఎవరు ఏ పిల్లకు ఏమవుతారన్నదానికి, తగిలించాను, తేదీలతో. ఆబ్సెంట్ మెసేజ్‌లు కొన్ని పాత ఇంటి ఓనర్‌కు వెళ్తున్నాయట, పాపం ఆయన చాలాకాలంగా ఓపిక పడుతున్నాడు.

సెప్టెంబర్

ఎవరికి ఏం కనిపించాలన్న పట్టిక. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం పద్దెనిమిదేళ్ళ లోపు వాళ్ళందరినీ పిల్లలుగానే చూస్తుంది. అంటే ఈ బడిలో చదువుతున్న అందరూ దాదాపు ఆ లెక్కలోనివాళ్ళే. క్లాస్ టీచర్‌కు తన తరగతి పిల్లల పేరు, ఫోను, హాజరు చాలు. కులం, ఆధార్ ఆఫీసు లాగిన్‌లో మాత్రమే, ఆధార్ చివరి నాలుగంకెలే తెర మీద. ఎవరు ఎవరి రికార్డు తెరిచారో కూడా నమోదవుతుంది. స్టాఫ్ రూమ్‌లో ఇది కొంచెం గుసగుసలకు దారి తీసింది. తీయనీ.

దసరా సెలవులకు ముందు

మొదటి అసలు బోనఫైడ్ ఇవాళ వచ్చింది. ఒకావిడ ఒకటి నుంచి ఏడు దాకా కాగితం కావాలని వచ్చారు. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, ఆధార్‌లో కొత్తది. రిజిస్టర్‌లో పాతది, అదీ పొడి అక్షరంతో. ఇప్పటి పేరు కొడితే దొరకలేదు, ఆ పేరు బడికి ఎప్పుడూ తెలియదు కనుక. తల్లి పేరు, పుట్టిన సంవత్సరం కొడితే వెంటనే వచ్చింది. ఏడు నమోదులూ వరసగా ఉన్నాయి. మధ్యలో నాలుగో తరగతిది మాత్రం మేడమ్ పోయిన నెల కలిపిన రికార్డు నుంచి వచ్చింది.

ఏ పేరుతో ప్రింటు ఇవ్వాలన్న ప్రశ్నకు హెచ్‌ఎం సార్ తడుముకోలేదు. రిజిస్టర్‌లో ఉన్న పేరే, ఎప్పుడైనా అదే, కొత్త పేరు కావాలంటే ఇంకో కాగితం జతచేసుకోవాలి. ఆవిడ కొత్త పేరును మాత్రం ‘పేర్లు’ టేబుల్‌లో, ఆధార్ ఆధారంగా, చేర్చాం. ఈసారి వస్తే ఏ పేరు కొట్టినా దొరుకుతారు.

మిగిలినవి: ఎక్సెల్ కాలానికి ముందు రిజిస్టర్ల స్కానింగ్ నారాయణగూడలో ఒకరికి అప్పగించాలి. బడి బయటికి రిజిస్టర్లు పంపనని హెచ్‌ఎం సార్ అంటున్నారు కాబట్టి స్కానరే ఇక్కడికి రావాలి. కలపాల్సిన జంటల వరసలో ఇంకా చాలా ఉన్నాయి, సెలవుల్లో రెండు పూటలు కూర్చుంటానని మేడమ్ మాటిచ్చారు. లెటర్‌హెడ్ మీద ప్రింటు ఎడమ మార్జిన్ తప్పుతోంది, అది రేపు.